నెల సరుకుల ఖర్చు తగ్గాలంటే: పాత అంగడివాడి సమాధానం

మీ ప్రశ్నను రెండుసార్లు చదివానమ్మా. అత్తగారితో, ఇద్దరు పిల్లలతో కలిపి ఇంట్లో ఐదుగురు, నెలకు 34,000 రూపాయల రాబడి, అందులో అద్దె పోగా సరుకులకు, గ్యాసుకు, కరెంటుకు, సబ్బులు పేస్టులకు, పిల్లల చిరుతిళ్లకు కలిపి 15,000 దాటిపోతోందని, ఏది కొన్నా తక్కువ ధరదే కొంటున్నా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదని రాశారు. నేను అనంతపురం పాతూరులో 27 ఏళ్లు కిరాణా అంగడి నడిపి, మోకాళ్ల నొప్పులతో మూడేళ్ల కిందట మూసేసినవాడిని. కాబట్టి నేను చెప్పేది గల్లాపెట్టె వెనక కూర్చుని చూసిన లెక్క. కొన్ని సంగతులు అంగడివాడిగా అప్పట్లో ఎవరికీ చెప్పనివి కూడా ఉన్నాయి.

తక్కువ ధరవే కొంటున్నామన్న మీ మాటతోనే మొదలుపెడతాను. మా వీధిలో దాదాపు ఒకే రాబడి, అంతే మంది మనుషులు ఉన్న రెండు ఇళ్లవాళ్లు ఒకే రోజు, ఒకే సబ్బు, ఒకే ధరకు కొనుక్కుపోయేవారు. ఒక ఇంటి నుంచి పన్నెండో రోజుకు మళ్లీ సబ్బు కోసం వచ్చేవారు, రెండో ఇంటివాళ్లు ఇరవయ్యో రోజు దాటితే గాని వచ్చేవారు కాదు. ఇద్దరూ ఇచ్చిన ధర ఒకటే గాని రోజుకు పడిన ఖర్చు ఒకటి కాదు, ఆ తేడా మొదటి ఇంటివాళ్లకు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే వాళ్లు సబ్బు ఎంతకు కొన్నారో గుర్తుపెట్టుకున్నారు గాని ఎప్పుడు విప్పారో గుర్తుపెట్టుకోలేదు. అందుకని మీరు మొదటి రెండు నెలలు ఏదీ తగ్గించవద్దు, ఏదీ మార్చవద్దు. ఇంట్లోకి వచ్చిన ప్రతి సరుకు మీద, దాన్ని విప్పిన రోజు తేదీని పెన్నుతో రాయండి. సబ్బు అట్ట మీద, పేస్టు గొట్టం మీద, నూనె డబ్బా మీద, బట్టల పొడి సంచి మీద రాయండి, సిలిండరు మీదైతే సుద్దముక్కతో రాయండి. అయిపోయిన రోజు ఆ తేదీని క్యాలెండరులో ఎక్కించండి. ధరను ఆ రోజులతో భాగిస్తే ఆ వస్తువు మీకు రోజుకు ఎంత పడుతోందో వస్తుంది. నేను చెప్పబోయేదంతా ఆ అంకె చేతిలో ఉంటేనే పనికొస్తుంది.

గ్యాసు సంగతి మా ఇంటి లెక్కతోనే చెబుతాను. ఇంటికి వచ్చే సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. నలుగురం ఉన్న మా ఇంట్లో అది 34 రోజులు వచ్చేది. మా ఆవిడ గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూ వచ్చి, ఒక ఏడాది తిరిగేసరికి దాన్ని 45 రోజులకు తెచ్చింది. సిలిండరు 900 రూపాయలు అనుకుంటే రోజుకు 26 రూపాయల పైచిలుకు ఖర్చు 20కి దిగిందన్నమాట. ఆమె చేసింది పెద్ద విద్యేమీ కాదు. కందిపప్పును అరగంట ముందు నానబెట్టేది. కుక్కరు మొదటి కూత కూయగానే మంటను సన్నం చేసేది, ఎందుకంటే లోపల ఒత్తిడి ఒకసారి నిండిన తర్వాత పెద్దమంట వల్ల ఆవిరి బయటికి పోవడమే గాని పప్పు త్వరగా ఉడకదు. గిన్నె అడుగు దాటి మంట అంచులు పక్కలకు ఎగబాకుతుంటే, ఆ మేరకు గ్యాసు గిన్నెను కాక గాలిని వేడి చేస్తున్నట్టే, అందుకని చిన్న గిన్నెకు చిన్న పొయ్యే వాడేది. సంగటికి బియ్యం మెత్తబడ్డాక రాగిపిండిని మధ్యలో గుట్టగా పోసి, మూతపెట్టి, సన్నమంట మీద నాలుగు నిమిషాలుంచి, పొయ్యి ఆపేసి మరో పది నిమిషాలు అలాగే వదిలేసి, ఆ తర్వాత తెడ్డుతో కెలికేది. ఆ పది నిమిషాల ఉడుకు ఊరికే వచ్చేదే. మంట నీలంగా కాక పసుపుపచ్చగా వస్తూ గిన్నెలు మసిబారుతుంటే బర్నరు రంధ్రాలు పూడుకున్నాయని గుర్తు, వాటిని గుండుసూదితో శుభ్రం చేసుకోండి. ఇంకొక మాట: సిలిండరు మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే వచ్చే బరువు ఉందో లేదో తెచ్చిన మనిషి చేత తూకం వేయించి చూసుకునే హక్కు మీకు ఉంది. మొహమాటపడకండి.

ఇక అంగట్లో కొనే దగ్గరకు వద్దాము. పొట్లం మీద గరిష్ఠ ధరతో పాటు గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందన్న యూనిట్ ధర కూడా ఇప్పుడు ముద్రిస్తున్నారు. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి గాని, పొట్లం మీద చదవవలసిన మొదటి అంకె అదే. వంటనూనెలో దీని అవసరం బాగా తెలుస్తుంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న ప్యాకెట్టులో 850 గ్రాములో, అంతకన్నా తక్కువో పోసి, పక్కదానికన్నా ఎనిమిది రూపాయలు తగ్గించి అమ్మితే, చేతిలోకి తీసుకున్నవారికి అది చౌకగానే కనిపిస్తుంది. పిల్లల బిస్కెట్లు, చిప్సు కూడా అంతే, ఐదు రూపాయలు, పది రూపాయలు అన్న ధర ఏళ్ల తరబడి కదలదు, లోపలి బరువు మాత్రం కరిగిపోతూ వస్తుంది. నేను అంగడి తెరిచిన కొత్తల్లో ఉన్న ఐదు రూపాయల బిస్కెట్టు పొట్లానికీ, మూసేసిన నాటి పొట్లానికీ పోలికే లేదు.

పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చౌక అని అందరూ అనుకుంటారు. షాంపూ విషయంలో అది చాలాసార్లు తప్పు. రూపాయి, రెండు రూపాయల చిన్న పొట్లాల్లో మిల్లీలీటరుకు పడే ధర, అదే రకం సీసాలో పడే ధరకన్నా తక్కువగా ఉండటం మన అంగళ్లలో మామూలు. పైగా సీసా ఎత్తితే పిల్లలు చేతి నిండా పోసుకుంటారు, పొట్లమైతే ఒక తలకు ఒకటి. చెత్త పెరుగుతుందన్నది నిజమే. అది ఇష్టం లేనివారు వారానికి ఒకసారి కుంకుడుకాయలు కొట్టుకోవచ్చు.

స్నానపు సబ్బు దగ్గర ధర మాత్రమే చూస్తే మోసపోతారు. అట్ట మీద టి.ఎఫ్.ఎమ్. అని ఒక శాతం వేస్తారు, సబ్బులో కొవ్వు పదార్థం ఎంత ఉందో అది చెబుతుంది. మొదటి గ్రేడు సబ్బుకు అది కనీసం 76 శాతం ఉండాలి, రెండో గ్రేడుకు 70, మూడో గ్రేడుకు 60. ఆ శాతం తక్కువయ్యేకొద్దీ సబ్బు తడికి మెత్తబడి, పళ్లెంలో జారుడుగా కరిగిపోవడం చూస్తాము. కాబట్టి నాలుగు రూపాయలు ఎక్కువైనా మొదటి గ్రేడు సబ్బును, అడుగున చిల్లులున్న పెట్టెలో ఆరబెట్టుకుంటూ వాడితే, రోజు లెక్కలో అదే చౌక పడవచ్చు. తేదీ రాస్తే మీకే తెలుస్తుంది. నాలుగు సబ్బులు ఒకేసారి కొన్నప్పుడు కాగితం విప్పి, బీరువాలో బట్టల మధ్య నెలరోజులు పెడితే గట్టిపడి ఇంకొన్ని రోజులు ఎక్కువ వస్తాయి, బట్టలకు వాసన అదనం.

అనంతపురంలో సబ్బు త్వరగా అయిపోవడానికి సగం కారణం బోరు నీళ్లు. ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదు, నురగ కోసం ఇంకా రుద్దుతాము, ఆ రుద్దిందంతా నీళ్లలోని సున్నపు లవణాలతో కలిసి తెల్లటి మడ్డిగా బక్కెట్టు అంచుకు అంటుకుంటుంది. కొళాయి నీళ్లు వచ్చే రోజునే బట్టలు, తలస్నానాలు పెట్టుకుని, బోరు నీళ్లను నేల తుడవడానికి, గచ్చు కడగడానికి వాడితే బట్టల పొడి ఎంత మిగులుతుందో రెండు నెలల్లో కనిపిస్తుంది. కొళాయి నుంచి సెకనుకు ఒక చుక్క కారుతున్నా రోజుకు లీటర్ల కొద్దీ నీళ్లు పోతాయి. వాషరు మార్చడానికి అయ్యే ఖర్చు, ఎండాకాలంలో ట్యాంకరు ముందు నిలబడే అవస్థతో పోలిస్తే ఎంత?

ఇప్పుడు చెప్పుకోవడానికి కొంత సిగ్గుగా ఉన్న సంగతి. మీరు నెల పద్దు మీద సరుకులు తెచ్చుకుంటున్నామని రాశారు. పద్దు రాయించుకునే ఇళ్లవాళ్లు మాకు బంగారు గిరాకీ. వాళ్ల దగ్గర నేను ధర పెంచిన పాపాన పోలేదు గాని, వాళ్లు ధర అడిగేవాళ్లు కాదు, రకం అడిగేవాళ్లు కాదు, ఏ రకం పప్పు త్వరగా అమ్ముడుపోవాలని నేను అనుకుంటానో ఆ పప్పే వాళ్ల సంచిలోకి పోయేది. నగదు ఇచ్చి కొనేవాడు కిలో పప్పును చేతిలోకి తీసుకుని, వాసన చూసి, నాలుగు రూపాయలు తగ్గించమని అడుగుతాడు, మేమూ తగ్గిస్తాము. పద్దువాడికి తగ్గించమని అడిగే సందర్భమే రాదు. అన్నిటికన్నా పెద్ద చిల్లు పిల్లలను పుస్తకమిచ్చి పంపడం. అర్ధకిలో చక్కెర కోసం వచ్చిన పిల్లవాడు దాంతో పాటు ఒక చిప్సు పొట్లం, ఒక చాక్లెట్ రాయించుకుపోతాడు, మేము రాసుకుంటాము, నెలాఖరున అవన్నీ కలిపి ‘చిల్లర సరుకులు’ అన్న ఒకే వరుసలో తేలుతాయి. రోజుకు పిల్లవాడికి పది రూపాయల చొప్పున ఇద్దరికి నెలకు 600. మీ ఇంట్లో ఆ 600 ఉందని నా అనుమానం. పిల్లల నోరు కట్టమని నేను అనను. బొరుగులు, పప్పులు, నాలుగు వేయించిన వేరుశనగ విత్తనాలు, ఉల్లిగడ్డ తరుగు, నిమ్మకాయ పిండి సాయంత్రానికి కలిపిపెట్టండి, ఆదివారం పూట బొరుగులతో ఉగ్గాని చేయండి, చిప్సు పొట్లాన్ని వారానికి ఒక రోజుకు ఉంచండి. పద్దును ఒక్కసారిగా మూయలేరు కాబట్టి, ఈ నెల బియ్యం, నూనె నగదుతో, వచ్చే నెల పప్పులు కూడా నగదుతో, ఇలా మూడు నాలుగు నెలల్లో బయటపడండి.

ఏడాది సరుకు ఒకేసారి కొనాలా అని కూడా అడిగారు. కొన్నిటికి అవును, కొన్నిటికి ససేమిరా కాదు. చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్తది దిగుతుంది, హిందూపురం మార్కెట్టు మనకు దగ్గరే. మీ ఇంటికి ఏడాదికి ఎనిమిది, పది కిలోలు సరిపోతాయి. గింజలు, ఈనెలు తీసి, ఒక ఎండ పెట్టి, రాళ్ల ఉప్పు వరుసలుగా చల్లుతూ జాడీలో అదిమిపెడితే మళ్లీ చింతపండు కాలం వచ్చేదాకా చెడదు. ఎండుమిరపకాయలకు మార్చి, ఏప్రిల్, కందిపప్పుకు సంక్రాంతి దాటాక. కందిపప్పును ఎండబెట్టి కాస్త ఆముదం పట్టించి ఉంచడం మన పెద్దవాళ్లు చేసిన పనే, పురుగు దరిచేరదు. బియ్యం మాత్రం మూడు నెలలకు మించి వద్దు, అద్దె ఇంట్లో ఎలుకల కాపలా కాయలేరు. కక్కలపల్లి మార్కెట్టులో టమాటా ధర పడిపోయినప్పుడు ఒక పెట్టె తెచ్చి, ముక్కలు కోసి, ఉప్పు చల్లి మేడ మీద ఎండబెట్టుకోవడానికి మన ఎండకన్నా మంచి యంత్రం లేదు. అయితే ఒక షరతు: ఇవన్నీ చేతిలో ఉన్న డబ్బుతోనే. వడ్డీకి తెచ్చి ఏడాది చింతపండు కొంటే, కలిసొచ్చిన మొత్తం వడ్డీకే సరి.

నూనె నిల్వ జోలికి పోవద్దు. అంగడివాడినై ఉండి నేనే ఒకసారి 15 కిలోల డబ్బా చౌకగా వచ్చిందని ఇంటికి పంపాను. మే నెల, వంటింట్లో పొయ్యి పక్కనే పెట్టారు, రోజూ మూత తీసి గరిటెతో తోడారు. రెండో నెలలోనే ముక్కిన వాసన మొదలై, చివరి ఐదు కిలోలు దీపారాధనకు పోయాయి. రవ్వ, పిండి, బిస్కెట్లు కూడా నెలకు సరిపడా మాత్రమే.

గానుగ నూనె ఆడించుకుంటే కలిసొస్తుందా అని మీ అత్తగారు అడిగారన్నారు. బుడ్డలు, అంటే వేరుశనగకాయలు, పండే సీమ కదా మనది, ఈ ఆలోచన ప్రతి ఇంట్లోనూ వస్తుంది. లెక్క వేద్దాము. పది కిలోల విత్తనాలకు కట్టెగానుగలో నాలుగు లీటర్లకు కాస్త అటూఇటూగా నూనె దిగుతుంది. కిలో విత్తనాలు 110 రూపాయలనుకుంటే పెట్టుబడి 1,100, అంటే ఆడించిన కూలి కలపకముందే లీటరు 275. మిగిలిన చెక్కను పశువుల వాళ్లకు అమ్మగా ఓ రెండు వందలు వచ్చినా, కూలి తీసేస్తే లీటరు 250కి పెద్దగా దిగదు. అంగట్లో ప్యాకెట్టు నూనె అంతకన్నా తక్కువకే దొరుకుతుంది. సొంత చేలో పండిన బుడ్డలు ఇంట్లో ఉన్నవాళ్ల లెక్క వేరు. మీరు రుచి కోసం, నమ్మకం కోసం ఆడించుకోండి, తాలింపుకు ఆ నూనె చుక్క వేస్తే వచ్చే సువాసన నాకూ ఇష్టమే, కానీ దాన్ని పొదుపు ఖాతాలో రాయకండి.

కరెంటు దగ్గర మీ 240 యూనిట్ల బిల్లు చూశాక ఫ్యాన్ల గురించి చెప్పక తప్పదు. మన రాష్ట్రంలో గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75 రూపాయల చొప్పున వేస్తున్నారు. మీరు మిగిల్చే యూనిట్ ఎప్పుడూ పైమెట్టు నుంచే తగ్గుతుందన్నది ఇందులో గమనించవలసిన కీలకం. 240 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ 1,148 రూపాయలు, 200 యూనిట్లకు 867. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఉన్న బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటి మారిస్తే నెలకు 20 యూనిట్లు, రెండు మారిస్తే 40. అంటే పైన చెప్పిన ఆ 281 రూపాయల తేడా రెండు ఫ్యాన్లలోనే ఉంది. కొత్త ఫ్యాను ఒక్కొక్కటి 2,800 అనుకున్నా రెండేళ్ల లోపే దాని డబ్బు అది తెచ్చేస్తుంది. అయితే అన్ని గదులకూ ఒకేసారి పెట్టకండి, పిల్లలు పడుకునే గదిలోదీ, అత్తగారు పగలంతా కూర్చునే వసారాలోదీ చాలు. అద్దె ఇల్లు వదిలేటప్పుడు విప్పుకుని, పాతవి బిగించి రావచ్చు, అందుకని పాత ఫ్యాన్లను పాత సామానుల వాడికి వేయకండి. ఇక మన పొడి ఎండలో కూలరు చక్కగా పనిచేస్తుంది, ఏసీ గురించి ఆలోచించే ముందు కిటికీ బయట కూలరు పెట్టి చూడండి. తాగేందుకు మట్టికుండ సరేసరి. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది ట్యాంకు నీళ్లే కాగి వస్తుంటే హీటరు ఎందుకో నాకు అర్థం కాదు.

తగ్గించకూడనివి కొన్ని ఉన్నాయి. మన జిల్లాలో చాలా చోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ, అది నీళ్లు కాచినంత మాత్రాన పోదు. తాగడానికి, వంటకు మంచినీళ్ల ఖర్చు ఎప్పటిలాగే ఉండనీయండి. గ్యాసు రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకు ఒకసారి మార్చాలి, కుక్కరు గాస్కెట్టు, సేఫ్టీ వాల్వు ఆ కంపెనీవే కొనాలి. అత్తగారి బీపీ, షుగరు మాత్రలను ఆపడం, సగం చేయడం వద్దు, డాక్టరుగారిని అడిగి అదే మందును జనరిక్ పేరుతో, అంటే కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో, రాయించుకుని ప్రభుత్వ పథకం కింద చౌకగా మందులు అమ్మే జనఔషధి కేంద్రంలో తెచ్చుకోండి, తేడా మీకే కనిపిస్తుంది. అక్కడే శానిటరీ ప్యాడ్లు 2019 నుంచి ఒక్కొక్కటి రూపాయికే ఇస్తున్నారు.

మిగిలిన డబ్బును ఇంట్లో డబ్బాలో ఉంచితే ఏదో ఒక పండుగకు పోతుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతో కూడా తెరవవచ్చు, ఐదేళ్లు కట్టాలి. గ్యాసులో మిగిలిన మొత్తం, పిల్లల పొట్లాల్లో మిగిలిన మొత్తం కలిపి, జీతం వచ్చిన రోజే కట్టేయండి. వీధి చీటీలో ఎక్కువ వస్తుందని ఎవరైనా చెబితే, రిజిస్టరు అయిన చీటీయా కాదా అని అడగండి. నేను అడగలేదు. 2011లో మా వీధి చీటీ ఒకటి మధ్యలో ఆగిపోయినప్పుడు పద్నాలుగు నెలలు కట్టిన డబ్బులో సగం కూడా నా చేతికి రాలేదు, ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

రెండు నెలల తర్వాత నాకు ఐదు అంకెలు మాత్రం రాసి పంపండి: సిలిండరు ఎన్ని రోజులు వచ్చింది, లీటరు నూనె ఎన్ని రోజులు, బట్టల పొడి కిలో ఎన్ని రోజులు, స్నానపు సబ్బు ఎన్ని రోజులు, పద్దు పుస్తకంలో చిల్లర సరుకుల వరుస ఎంత తేలింది. నూనె లీటరు వారం కూడా రాకపోతే, తాలింపు గిన్నెలోకి నేరుగా ప్యాకెట్టు వంచుతున్నారా, గరిటెతో పోస్తున్నారా అన్నది కూడా రాయండి.